ఎడమ కాలి పొదుపు

ఆ కాలంలో మా ఇళ్ళల్లో అగ్గిపెట్టె ఉండేదే గాని దాన్ని తెరిచేది ఎప్పుడో పండగకో పబ్బానికో. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పును బూడిద కింద దాచిపెడితే తెల్లారేదాకా ఉండేది. ఆరిపోతే పిడక ఒకటి పట్టుకొని పక్కింటికి పోయి అంటించుకొచ్చేవాళ్ళం. చింతపండు పిసికిన పిప్పితో చెంబులు తోమేవాళ్ళం, తోమిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసేవాళ్ళం. అందరమూ అంతే కాబట్టి నన్నొక్కదాన్నే పొదుపరి అని మెచ్చుకోవాల్సిన పనిలేదు. అయినా మా అత్తగారింట్లో నాకు ఆ పేరు కొంచెం గట్టిగానే వచ్చింది. కాపురానికొచ్చిన ఏడాది తిరక్కముందే మా అత్త ఉగ్రాణం తాళాలు, అంటే సరుకుల గది తాళాలు, పెద్ద కోడలిని దాటించి నా నడుముకు కట్టింది. ఆ తాళాలగుత్తి చప్పుడు చేసుకుంటా నేను నడిచే నడక చూసి ఊళ్ళో ఆడోళ్ళు నవ్వుకునేవాళ్ళని తర్వాత తెలిసింది. (అప్పుడు తెలిసినా నడక మార్చేదాన్ని కాదేమో.)

మొన్న మా మనవరాలు తన కొత్త కారులో నన్ను చింతామణికి తీసుకుపోయింది. ఎక్కిన వెంటనే నా చూపు దాని ఎడమ కాలి మీద పడింది. ఆ కాలు ఏ పనీ లేకుండా పక్కన ఒదిగి ఉంది. "ఏమ్మా, ఆ కాలికి పని లేదా?" అని అడిగితే, "ఈ కారుకు క్లచ్చి లేదవ్వా, గేర్లు అదే మార్చుకుంటాది" అనింది. ఇట్లాంటి కారు అరవై ఏండ్ల ముందర మా ఇంటికి వచ్చి ఉంటే నా పరువు నాకు మిగిలేది కదా అనుకున్నాను. ఆ సంగతి చెప్తే అది నవ్వలేక కారు పక్కకు తీసి ఆపేసింది. మీకూ చెప్తాను. నేను చదివింది మూడో తరగతి, అదీ కన్నడ ఇస్కూల్లో. తెలుగు అక్షరాలు పెళ్ళయినాక మా ఆయన దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మాది మిట్టేమరి దగ్గర పల్లె. ఇంకా మైసూరు రాష్ట్రం అనే రోజులు. మా మామ బంగారు గనుల పక్క ఎద్దులు కొనేదానికి పోయి కారు కొనుక్కొచ్చినాడు. గనుల్లో పనిచేసిన దొర ఎవరో తన దేశానికి పోతా సామాన్లన్నీ అమ్ముకుంటున్నాడంట. టార్పాలిన్ కప్పి ఉన్న కారును మా మామ ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులతో కొలిచినాడు. ఈ పొడుక్కి ఎనిమిది మంది నిమ్మళంగా పడతారని లెక్కేసుకున్నాడు. డబ్బు కట్టేసినాక పైన గుడ్డ తీసి చూస్తే అది దొర పందేలకు తోలే ఎర్ర స్పోర్టు కారు. ఆ పొడుగంతా ముందరుండే ఇంజనుకే. మనుషులకు వెనక రెండే సీట్లు. ఇంట్లో మేము పదకొండు మందిమి.

ఊరంతా చూస్తుండగా మా మామ అందులో కూర్చునేదానికి, బాయిలోకి దిగినట్టు ఒక్కో కాలే దిగినాడు. దిగినాక మోకాళ్ళు గడ్డానికి తగిలినాయి. ఇద్దరు చంకల కింద చేతులేసి పైకి లాగినారు. "నేల మీద కూసోని పోయేదానికి కారెందుకప్పా, చాప చాలదా" అని మా మామ పంచె దులుపుకొని ఇంట్లోకి పోయినాడు. మళ్ళీ ఆ కారు ఎక్కలేదు. ఇంట్లో దాన్ని తోలగలిగింది మా ఆయన ఒక్కడే. కారు తెచ్చి అప్పజెప్పిన దొర డ్రైవరు పది దినాలు మా ఇంట్లో రాగిసంగటి తిని, పంట నూర్చే మా కళంలో చుట్టూ తిప్పి ఆయనకు నేర్పించి పోయినాడు.

అప్పుడప్పుడే మా పక్క బాయిలకు ఆయిలింజన్లు వస్తున్నాయి. వచ్చిన ఇంజను వచ్చినట్టే మొరాయించేది కూడా. మా ఆయనకు వాటి పని చేతికి వచ్చింది. ఎవరు నేర్పించినారంటే చెప్పలేను, ఇంజను మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటే దాని రోగం తెలిసిపోయేది ఆయనకు. అంతకుముందు ఇంట్లో ఆయన మాటకు విలువ లేదు. చిన్నోడు, పైగా నెమ్మది. పది మాటలకు ఒక మాట జవాబు. చింతామణిలో శెనగనూనె మిల్లు పెట్టుకున్న మా బావ, అంటే ఆయన అన్న, వచ్చినప్పుడల్లా "వీణ్ణి నా మిల్లులో సంచులు చూసుకునేదానికి పంపు నాయనా, ఈడ ఉండి ఏం చేస్తాడు" అనేవాడు. కారు వచ్చినాక ఆయన కథ మారింది. సామాన్ల పెట్టె వేసుకొని బాగేపల్లి దాటి పేరేసంద్ర దాకా పోయి ఇంజన్లు బాగుచేసి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. జనం 'ఇంజనప్ప' అని పేరు పెట్టినారు. ఆ పేరు పిలిపించుకునేటప్పుడు ఆయన మొహం చూడాల. అందుకే ఆ కారు మా ఆయనకు ఒట్టి కారు కాదు.

ఇందులో నేను యాడ చేరినానంటే, కారు ఎడమ పక్క తలుపుకు గడియ విరిగిపోయి ఉండేది. బాగు చేయిస్తామంటే నేనే వద్దన్నాను. గట్టి తాడు ఒకటి కట్టి, "నేను పట్టుకొని కూసుంటాలే అత్తా, చెయ్యి ఊరికే ఉండాది కదా" అన్నాను. కొత్త కోడలు మొగుడి పక్కన కూర్చోని ఊరూరూ తిరగడం ఆ రోజుల్లో మాటా? కానీ పొదుపు కోసం కాబట్టి మా అత్త కాదనలేదు. అట్లా ఆయన తోలుతుంటే నేను తాడు పట్టుకొని పక్కన కూర్చునేదాన్ని. చేతులకు పని ఉన్నా నోటికి లేదు కదా. చూస్తా చూస్తా నాకు కారు తోలడం ఎట్లో తెలిసిపోయింది, తోలకుండానే.

మొదట నేను పట్టింది గేర్లను. ఒకటో గేరు వేస్తే ఇంజను గొంతు చించుకొని అరిచేది. అరిచేది ఏదైనా ఎక్కువ తింటుందని నా లెక్క (మా పుట్టింట్లో ఒక బర్రె అట్లాంటిది ఉండేది). "ఏమయ్యా, ఆ ఒకటో గేరు ఏల, ఎనుములాగా అరుస్తాది. రెండుతోనే కదిలించు" అన్నాను. ఆయన కదిలించినాడు. కారు గజగజ వణికి మెల్లగా కదిలింది, అరవలేదు. నాకు సంతోషం. తర్వాత చేతి బ్రేకు. అది లాగినప్పుడల్లా కిర్రుమని కింద తీగ సాగేది. తీగ అరిగిపోతే మళ్ళీ తీగ కొనాల. "ఎత్తులో ఆగినప్పుడు దాన్నేల లాగతావు? క్లచ్చి సగం తొక్కి, కొంచెం పెట్రోలిచ్చి నిలబెట్టు. బాయిలో చేద సగానికి తెచ్చి తాడు పట్టుకొని నిలబడుకోమా, అట్లే" అన్నాను. అట్లే నిలబెట్టినాడు. ఆ పైన, ఎప్పుడు ఏ గొర్రె అడ్డం వస్తుందో తెలీదు కాబట్టి, పాలు పొంగుతాయని చెయ్యి మూత మీదే పెట్టుకున్నట్టు ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్చి మీదే ఆనించి పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. ఇంజను ఆర్పితే మళ్ళీ ముందర నిలబడి హ్యాండిలు తిప్పాల్సి వచ్చేది కాబట్టి, దారిలో ఎవరితోనన్నా మాట్లాడేటప్పుడు గేరు కూడా తియ్యకుండా క్లచ్చి తొక్కుకొనే మాట్లాడమన్నాను. మా పక్క మాటలు ఎంతసేపు సాగుతాయో మీకు తెలుసు. వానలు, శెనక్కాయలు, ఆవు ఈనింది, అన్నీ అయ్యేదాకా ఆయన ఎడమ కాలు తొక్కుకొనే ఉండేది. మొగుడు చెప్పిన మాట వింటాడని నేను పుట్టింట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మొదటి క్లచ్చి ప్లేటు కొన్ని నెలలకే పోయింది. పాతకారు కదా, దొర అరగదీసి పోయినాడు అనుకున్నాం. రెండోది అంతకన్నా ముందే పోయింది. అప్పుడు మా బావ చింతామణి నుంచి వచ్చి కారు చుట్టూ తిరిగి, "ఊరందరి ఇంజన్లూ బాగుచేసేటోడు సొంత కారు క్లచ్చి కాల్చుకుంటాండాడే, ఇదేమి విద్దెరా" అన్నాడు. మా మామ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇంకొక్కటి పోతే కారు ఇనుము కొనేటోళ్ళకు ఇచ్చేస్తా. నువ్వు మీ అన్నతో చింతామణికి పో" అన్నాడు. ఆ దినం నుంచి నేను ఇంకా జాగ్రత్త పడినాను. అంటే ఇంకా ఎక్కువ చెప్పేదాన్ని. "కాలు, కాలు, క్లచ్చి మీద పెట్టుకో" అని మైలుకొకసారి గుర్తుచేసేదాన్ని.

అట్లా ఉండగా బాగేపల్లిలో ఒక శెట్టిగారింట్లో పెళ్ళి. మెరవణిగెకు, అంటే ఊరేగింపుకు, మా కారు కావాలని అడిగినారు. పైకప్పు లేని కారు కాబట్టి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వెనక గట్టు మీద కూర్చుంటే బజారంతా కనపడతారు. మా ఆయన తటపటాయించినాడు. "మెల్లగ పోవాల, వద్దులే" అన్నాడు. "మెల్లగ పోతే ఇంకా మంచిది కదా. తక్కువ తిరిగితే తక్కువ అరుగుతాది" అన్నాను. ఆయన పోయి కారు తుడిచేదానికి గుడ్డ వెతుక్కున్నాడు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా మెరవణిగె బయల్దేరింది. ముందర నాదస్వరం, పక్కన గ్యాసులైట్లు, నడుమ మా ఎర్ర కారు. పెళ్ళివాళ్ళిద్దరూ పూలదండలతో పైన కూర్చున్నారు. సీటు వాళ్ళ కాళ్ళకు పోయింది కాబట్టి నేను తలుపు తాడు పట్టుకొని పక్కనే నడుస్తున్నాను. నాదస్వరం వాళ్ళు మనిషి నడకలో సగం నడక నడుస్తారు. ఇంటింటి ముందరా ఆగి హారతి. ఆగినప్పుడల్లా నేను వంగి, "ఆర్పొద్దు, చేతి బ్రేకు లాగొద్దు, కాలితోనే పట్టు" అంటున్నాను. బజారు చివర ఎత్తు ఉంది. అక్కడ ఒక ముసలమ్మ హారతి పళ్ళెం తెచ్చి, కర్పూరం మరిచిపోయి, లోపలికి పోయి వెతుక్కొని వచ్చేదాకా మా ఆయన ఆ ఎత్తులో కారును కాలితో వేలాడదీసుకొని కూర్చున్నాడు. మొహం నిండా చెమట. అప్పుడు ఒక వాసన వచ్చింది. వెంట్రుకలు, పాత దూది, రబ్బరు మూడూ కలిపి పొయ్యిలో వేస్తే వచ్చే వాసన. కారు కింద నుంచి సన్నగా పొగ లేచింది.

"దిష్టి తగిలింది" అన్నారు పెళ్ళి ఆడోళ్ళు. వెంటనే ఎవరో బూడిదగుమ్మడికాయ తెచ్చి కారు ముందర తిప్పి పగలగొట్టినారు. పొగ ఇంకొంచెం ఎక్కువైంది. ఇంకో కాయ తెచ్చినారు. మా ఆయన కారు కదిలించేదానికి పెట్రోలిచ్చినాడు. ఇంజను ఊరంతా వినబడేటట్టు అరిచింది, కారు మాత్రం దిమ్మెలాగా నిలబడిపోయింది. ఆయన దిగి వంగి చూసి, నా చెవి దగ్గర మెల్లగా "పోయింది" అన్నాడు. అంతే అన్నాడు.

పెళ్ళి ఆపేదానికి లేదు కదా. పెళ్ళికూతురి మేనమామ రెండు ఎద్దులు తోలుకొచ్చి కారు ముందర కట్టినాడు. నాదస్వరం మళ్ళీ మొదలైంది. ఎద్దులు లాగుతుంటే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నవ్వు ఆపుకోలేక పూలదండల్లో మొహం దాచుకున్నారు. మా ఆయన చక్రం తిప్పుతా కూర్చోవాల్సి వచ్చింది. బజారులో నిలబడ్డ ఒక రైతు, ఆయనే బాగుచేసిన ఇంజను ఉండే మనిషి, పెద్ద గొంతుతో అడిగినాడు. "ఏమప్పా ఇంజనప్పా, నా బాయి ఇంజను చూసింది కూడా నువ్వే కదా. అదేమన్నా ఎద్దులకు కట్టాల్సి వస్తాదా?" జనం నవ్వినారు. తెల్లారి ఇంకో ఇద్దరు కబురు పంపినారు, ఇంజను చూసేదానికి రావద్దు, చింతామణి నుంచి మనిషిని పిలుచుకుంటాం అని.

కారును లారీ వెనక కట్టి చిక్కబళ్ళాపురంలో మేస్త్రి తాత షెడ్డుకు తీసుకుపోయినాం. ఆ పక్క అన్ని మోటార్లూ చూసింది ఆయనే. కారు తెరుస్తాడనుకుంటే, "ముందు నీ చెప్పులు విడిచి ఇట్ల పెట్టప్పా" అన్నాడు. మా ఆయన పెట్టినాడు. తాత రెండూ తిరగేసి వెలుతురుకు పట్టి చూసినాడు. కుడి చెప్పు బాగానే ఉంది. ఎడమ చెప్పు ముందరి భాగం అప్పడంలాగా పలచబడి ఉంది. "నడిచి అరిగితే మడమ దగ్గర అరుగుతాది, రెండూ అరుగుతాయి. ఇది తొక్కి అరిగింది. నువ్వు క్లచ్చి మీద నుంచి కాలు తియ్యవు" అన్నాడు. తర్వాత కారు విప్పి ప్లేటు బయటికి తీసినాడు. మాడిన రొట్టెకూ దానికీ తేడా లేదు.

తాత తన రెండు అరచేతులూ మా ముందర పెట్టినాడు. "ఇదో చూడప్పా. ఇది ఇంజను, ఇది చక్రాల పక్క. గట్టిగ పట్టుకుంటే అరగవు. పూర్తిగ విడిచిపెట్టినా అరగవు. పట్టీపట్టనట్ల రాసుకుంటాంటేనే కాలేది." చేతులు రెండూ రుద్ది మా ఆయన చెంపకు ఆనించినాడు. వేడి. "కాలు వేస్తే పూర్తిగ వెయ్యి, తీస్తే పూర్తిగ తియ్యి. పనిలేనప్పుడు కింద పెట్టుకో. ఎత్తులో ఆగితే చేతి బ్రేకు లాగు, దాన్ని పెట్టింది అందుకే. మాట్లాడేది ఉంటే గేరు తీసేసి మాట్లాడు. కదిలించేది ఒకటో గేరులోనే, రెండులో కదిలిస్తే ప్లేటు రాసుకోని రాసుకోని కదలాల. ఇంక మెరవణిగెలకంటావా, ఎద్దులబండ్లు ఉండాయి." ఒక్కొక్క మాటకూ నా ఉపదేశం ఒక్కొక్కటి నా మీదికే తిరిగి వస్తోంది. నేను గోడ మీది క్యాలెండరులో లక్ష్మీదేవి బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాను.

"ఎవురప్పా నీకు ఇట్ల నేర్పించింది?" అన్నాడు తాత.

"దొర డ్రైవరు."

"వాడు నాకు తెలుసు. వాడు ఇట్ల నేర్పించడు." తాత నా పక్క తిరిగినాడు. "ఏమ్మా, నువ్వేమన్నా చెప్తాంటావా?"

నేను మళ్ళీ లక్ష్మీదేవి పక్కకు తిరిగినాను. మా ఆయనే అన్నాడు, "అదేం చెప్తాది తాతా, కారు గురించి దానికేమి తెలుసు. నా కాలి అలవాటే అది." తాత ఆ చెప్పులు ఆయన ముందరికి తోసినాడు. మా మామ ఒప్పుకుంటే కొత్త ప్లేటు వేస్తాను, లేదంటే కారు ఇట్లే ఇనుముకు తీసుకుపోండి అన్నాడు.

బస్సులో ఇంటికి తిరిగి వచ్చినాం. నాకు డ్రైవరు పక్కన సీటు దొరికింది. బాగేపల్లి దాకా నేను ఆ డ్రైవరు ఎడమ కాలినే చూస్తా వచ్చినాను. గేరు మార్చేటప్పుడు ఒక్కసారి లేచి దబుక్కున తొక్కి, మళ్ళీ వచ్చి నేల మీద పడుకునేది. ఒక్కసారి కూడా ఊరికే క్లచ్చి మీద ఆనలేదు. చివరికి ఆ డ్రైవరు, "ఏమ్మా, నా కాలి మీద ఏమన్నా పాకతా ఉండాదా?" అని అడిగినాడు. లేదని తల ఊపినాను.

ఇంట్లో మా బావ అప్పటికే వచ్చి కూర్చోని ఉన్నాడు. బాగేపల్లి ఎద్దుల కథ చింతామణికి మాకంటే ముందే చేరింది. "ఇంకేముంది నాయనా, వీడికి ఇంజన్ల పని రాదని ఊరందరికీ తెలిసిపోయింది. రేపు నాతోనే పంపు. వీడూ వీడి పెళ్ళామూ మిల్లు వెనక గదిలో ఉంటారు" అన్నాడు. మా మామ, "ఏమిరా, ఏమంటావు?" అని మా ఆయన్ను అడిగినాడు. ఆయన "నాదే తప్పు" అని, చేతులకు అంటుకున్న నల్లటి మసిని గోటితో గీక్కుంటా నిలబడినాడు.

నిజం చెప్తాను, నేను మొదట లోపలికి పోయి చేట తీసుకొని రాగులు చెరుగుతా కూర్చున్నాను. చెప్తే ఏమవుతుంది? దుబారా పిల్ల, నోటి దురద పిల్ల, ఇన్ని ప్లేట్లు కాల్చింది ఇదే అంటారు. తాళాలు పోతాయి. పెద్ద కోడలు నవ్వుతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఇంజను మీద చెయ్యి పెట్టి రోగం చెప్పే మనిషి జన్మంతా అన్న మిల్లులో సంచులు కుట్టుకుంటా ఉంటాడు, అదీ చేతకానోడనే పేరుతో. రాగులు చెరిగినవే చెరుగుతున్నాను. చేటలో పొట్టు కూడా మిగల్లేదు. చివరికి లేచి, నడుము నుంచి తాళాలగుత్తి తీసి గడప మీద పెట్టి, తలుపు చాటున నిలబడి అన్నాను.

"మామా, కాలు ఆయనదే. మాట నాది."

మామ ముందర గొంతెత్తింది కాపురానికి వచ్చినాక అదే మొదలు. అందరూ తలుపు పక్క తిరిగినారు. "ఏమి మాటమ్మా?" అన్నాడు మామ. రెండో గేరు, చేతి బ్రేకు తీగ, పాలమూత, గేరు తియ్యకుండా మాటలు, మెరవణిగె, అన్నీ వరసగా చెప్పేసినాను. మేస్త్రి తాత చెప్పింది కూడా చెప్పినాను. మా అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకునింది. మా బావ నవ్వినాడు. "పెళ్ళాం చెప్పినట్ల కారు తోలినావేమిరా?"

మామ మా ఆయన్ను చూసి, "అది చెప్పింది తప్పని నీకు తెలీదా?" అన్నాడు.

"తెలుసు."

"మరి వద్దని ఏల చెప్పలేదు?"

ఆయన చేతి మసిని పంచెకు తుడుచుకున్నాడు. "అది చెప్తాంటే ఎంత దూరం దావైనా తెలీకుండా పోతాది నాయనా" అన్నాడు.

మామ మీసం కింద ఏదో కదిలింది. మా బావను చూసి, "వాడికి ఇంజన్లు తెలీక కాదప్పా. నువ్వు పోయి నీ మిల్లు చూసుకో" అన్నాడు. తర్వాత తలుపు పక్క తిరిగి, "ఏమ్మా, వాని పేరు మళ్ళీ నిలబడాలంటే ఈ సంగతి రేపు సంతలో నేనే చెప్పాల. నీ పేరే పోతాది. చెప్పేదా?" అన్నాడు. "చెప్పు మామా" అన్నాను. మామ తన సంచిలో నుంచి గట్టి వక్క ఒకటి తీసి గడప మీద తాళాల పక్కన పెట్టినాడు. "ఇంక మీద కారు ఎక్కితే ఇది దవడన పెట్టుకోని కూసో. ఇల్లు చేరేదాకా నోరు తెరవొద్దు. ప్లేటు వేయించండి." మామ బయటికి పోయినాక మా అత్త నన్ను చూసి, "గడప మీద పెడితే కుక్క ఎత్తుకపోతాది, ఎత్తుకో ఆ తాళాలు" అని లోపలికి పోయింది.

మామ అన్నట్టే సంతలో చెప్పినాడు. దాంట్లో కొంత కల్పించి కూడా చెప్పి ఉంటాడు, ఎందుకంటే ఆ తర్వాత చాలా ఏండ్లు నేను బాగేపల్లి సంతకు పోతే చాలు, ఎవరో ఒకరు, "ఏమ్మా, మా ఎద్దుకు ఏ గేరు వెయ్యాల?" అని అడిగేవాళ్ళు. వినపడనట్టు కూరగాయలు ఏరుకునేదాన్ని. కానీ రెండు వారాలకు బాయి ఇంజన్ల వాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ మా ఇంటికి కబుర్లు పంపడం మొదలుపెట్టినారు. బజారులో ఎద్దుల మాట అన్న ఆ రైతు అయితే తనే వచ్చి వాకిట్లో కూర్చోని, "ఇంజనప్ప ఉండాడా?" అని అడిగినాడు.

కొత్త ప్లేటు వేసినాక మేము చిక్కబళ్ళాపురం నుంచి కారు తెచ్చుకున్న దినం మాత్రం నాకు బాగా గుర్తు. ఎక్కే ముందర వక్క దవడన పెట్టుకున్నాను. ఆయన ఒకటో గేరు వేసినాడు. ఇంజను అరిచింది. నా నోట్లో వక్క ఆ పక్క నుంచి ఈ పక్కకు పోయింది, మాట రాలేదు. కారు వణక్కుండా కదిలింది. రెండు, మూడు, ఒక్కొక్కటీ టక్కుమని పడినాయి. ఆయన ఎడమ కాలు దిగి నేల మీద పడుకునింది. అప్పుడు చూసినాను, ఆయన భుజాలు కూడా కిందికి దిగినాయి. ఇన్నాళ్ళూ ఆ భుజాలు చెవుల దగ్గర ఉన్నాయని నాకు తెలియనే లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా శెనక్కాయ చేలు. కొంచెం దూరం పోయినాక ఒక చప్పుడు వినిపించింది. ఇంజనుదేమో అనుకున్నాను. ఆయనే. పాడుతున్నాడు. బాయిలో నీళ్ళు తోడే కపిల తోలేటప్పుడు ఎద్దులు వెనక్కి నడిచేదానికి పాడే పాట, పదం సాగదీసి సాగదీసి, ఎత్తు వచ్చినప్పుడు గేరు తగ్గించి, పాట కూడా ఒక మెట్టు తగ్గించి. పెళ్ళయి మూడేండ్లయింది, ఆయన పాడతాడని నాకు ఆ దినం తెలిసింది.

పేరేసంద్రలో బండ్లు అడ్డం వచ్చి ఆగినప్పుడు పాట ఆగింది. ఆయన గేరు తీసి, చేతి బ్రేకు లాగి, నా పక్క తిరిగి, "ఏమే, అలిగినావా? ఉమ్మేసి మాట్లాడు, నాయన ఈడ లేడులే" అన్నాడు. నిజమే, చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను లేదని తల ఊపి, ముందుకు పొమ్మని చెయ్యి చూపించినాను. బండ్లు జరిగినాయి. రెండు మైళ్ళు పోయినాక పాట మళ్ళీ మొదలైంది.

ఆ ప్లేటు ఎన్నేండ్లు వచ్చిందంటే, పిల్లలు పుట్టి రెండు సీట్లు చాలక కారు అమ్మేసినప్పుడు కూడా అదే ఉంది. ఆయన పోయి కూడా చాలా ఏండ్లయింది. ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఆ పిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. పద్దెనిమిదేండ్లకే లోకంలో ప్రతి వస్తువునూ అరగకుండా కాపాడేదానికి పుట్టినట్టు ముక్కు పైకెత్తుకొని తిరిగిన పిల్ల, ఆ దినం పాట ఎక్కడ ఆగిపోతుందోనని గొంతు కూడా సవరించుకోకుండా కూర్చునింది. బాగేపల్లి వచ్చేటప్పటికి వక్క అయిపోయింది. ఇంటి ముందర కారు ఆగేదాకా ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.